చిగుళ్ల జబ్బుకి లాలాజలం టెస్ట్: ఐదుసార్లు చేయించుకున్నాక నా అభిప్రాయం

నాకు 44 ఏళ్లు. షుగర్ వచ్చి ఆరేళ్లయింది. జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటాం. 2024 ఫిబ్రవరి నుంచి 2025 జులై దాకా మా డెంటల్ క్లినిక్‌లో ఒకే టెస్ట్ ఐదుసార్లు చేయించుకున్నాను. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి కప్పులో ఉమ్మాలి. ఆ నీళ్లలో ఎంఎంపీ-8 అనే ఎంజైమ్ ఎంత ఉందో చూసి, చిగుళ్ల లోపల ఏం జరుగుతోందో చెప్తారు. ఒక్కోసారికి 45 యూరోలు. ఇన్సూరెన్స్ ఒక్క పైసా ఇవ్వదు. ఐదుసార్లకి 225 యూరోలు పెట్టాక, ఎవరికి పనికొస్తుందో ఎవరికి అక్కర్లేదో నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. షుగర్ ఉన్న మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు అమ్మ సంగతి చెప్పాలి. నాకు ఈ భయం మొదలైంది అక్కడే.

అమ్మకి 54 ఏళ్లప్పుడు, చీరాలలో మా ఇంట్లో, సంక్రాంతికి చేసిన చేగోడీ కొరికితే కింది వరసలో ముందు పన్ను ఊడి వచ్చేసింది. నొప్పి లేదు. రక్తం కూడా పెద్దగా రాలేదు. అమ్మ దాన్ని కడిగి అరచేతిలో పెట్టి చూపించింది. పన్ను తెల్లగా ఉంది, ఎక్కడా పుచ్చు లేదు. వేరు మాత్రం దాదాపు కొనదాకా గోధుమరంగు గార పట్టి, గోరుతో గీకితే గరుకుగా తగిలింది. అంటే ఆ పన్ను చుట్టూ చిగురు ఎప్పుడో వదిలేసింది. లోపల ఎముక కరిగిపోయి, కొన దగ్గర కాస్త కండ పట్టుకుని ఉంటే అది నిలబడింది. తర్వాతి ఏడాదిన్నరలో మరో మూడు పళ్లు అలాగే పోయాయి. అమ్మ రోజూ రెండుపూటలా పళ్లు తోముకునే మనిషి. 'క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయి' అని పక్కింటావిడ చెప్పిన మాట నమ్మి డెంటిస్ట్ దగ్గరికి వెళ్లలేదు. మన ఊళ్లలో ఈ మాట వినని ఇల్లు ఉండదు. నిజానికి పళ్లని వదులు చేసేది గార కింద దాగిన జబ్బు. గార తీసేసరికి, అప్పటికే వదులైన పన్ను బయటపడుతుంది, అంతే.

నా దగ్గరికి వస్తే, రెండేళ్లపాటు బ్రష్ చేసినప్పుడల్లా వాష్‌బేసిన్‌లో గులాబీరంగు నురగ చూస్తూనే ఉన్నాను. అప్పట్లో ఒక క్లినిక్‌లో ఏడాదికి రెండుసార్లు డబ్బులిచ్చి క్లీనింగ్ చేయించుకునేదాన్ని. పైపైన చక్కగా మెరిసేలా పాలిష్ చేసి పంపేవాళ్లు. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని చెప్తే మెత్తటి బ్రష్ వాడమన్నారు. చిగురుకీ పన్నుకీ మధ్య లోతు ఎంతుందో ఒక్కసారి కూడా కొలవలేదు. షుగర్ ఉందా అని అడగలేదు. ఇది తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇక్కడి గవర్నమెంటు తరహా ఇన్సూరెన్స్‌లో చిగుళ్ల ప్రాథమిక పరీక్ష రెండేళ్లకోసారి ఉచితం. పీఎస్ఐ అంటారు. నోటిని ఆరు భాగాలుగా చేసి, కొన గుండ్రంగా ఉండే సన్నటి ప్రోబ్‌తో తడిమి, ఒక్కో భాగానికి 0 నుంచి 4 దాకా అంకె ఇస్తారు. అంకె పెరిగేకొద్దీ పరిస్థితి అంత బాగోలేనట్టు. నాలుగైదు నిమిషాల పని. జర్మనీలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ 45 యూరోల టెస్ట్ గురించి ఆలోచించేముందు ఆ ఉచిత పరీక్ష అడిగి చేయించుకోండి.

2024 జనవరిలో ఇల్లు మారడంతో క్లినిక్ కూడా మారాను. కొత్త డాక్టరుగారు మొదటిరోజే పీఎస్ఐ చూశారు. ఆరు భాగాల్లో మూడింటికి 4, రెండింటికి 3. ఆవిడ అంకెలు పైకి చెప్తుంటే అసిస్టెంట్ కంప్యూటర్‌లో ఎక్కించడం విన్నాను. నాలుగు, నాలుగు, మూడు. జర్మన్‌లో అంకెలు నాకు బాగానే వచ్చు. ఆ రోజు రాకపోతే బాగుండేదనిపించింది. ఎక్స్‌రేలో వెనక దవడ పళ్ల మధ్య ఎముక కిందికి దిగిపోయి కనిపించింది. "మీ షుగర్ కూడా దీనికి తోడైంది. ఇదీ మీ షుగర్‌ని పెంచుతుంది. రెండూ కలిసి చూడాలి" అన్నారు. చికిత్స మొదలుపెట్టేముందు లాలాజలం టెస్ట్ చేయిస్తే, తర్వాత పోల్చుకోవడానికి ఒక అంకె ఉంటుందన్నారు. సరే అన్నాను. సొంత ఖర్చు అని మాత్రం నాకు బిల్లు చూశాకే తెలిసింది. ఆ తర్వాత అడిగితే క్షమాపణ చెప్పి, అప్పటినుంచి ముందుగానే కాగితం మీద సంతకం తీసుకుంటున్నారు.

టెస్ట్ చేసే పద్ధతి ఇది. ముందు మామూలు కొళాయి నీళ్లతో అర నిమిషం పుక్కిలించి ఊసేయాలి. ఒక నిమిషం ఆగాలి. అప్పుడు చిన్న సీసాలో ఐదు మిల్లీలీటర్ల శుద్ధి చేసిన నీళ్లిస్తారు. వాటిని నోట్లో పోసుకుని, పళ్ల సందుల్లోంచి పోనిస్తూ మళ్లీ అర నిమిషం పుక్కిలించి, మింగకుండా కప్పులో ఉమ్మాలి. ఐదు మిల్లీలీటర్లంటే ఒక చెంచాడు, నోట్లో ఉన్నట్టే అనిపించదు. అసిస్టెంట్ ఆ నీళ్లని సిరంజిలోకి లాగి, దాని మూతికి ఫిల్టర్ బిగించి, ప్రెగ్నెన్సీ టెస్ట్ కిట్‌లాంటి తెల్లటి పట్టీ మీద మూడు నాలుగు చుక్కలు వేసింది. తడి పట్టీ పొడవునా పాకుతూ పోయింది. కాసేపటికి మొదటి గీత వచ్చింది. అది టెస్ట్ సరిగ్గా జరిగిందని చెప్పే గీత. రెండోది రాకూడదు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. పక్కనే ముందు నీడలా, తర్వాత లేత గులాబీగా, చివరికి మొదటిదాని అంత స్పష్టంగా రెండో గీత తేలింది. పట్టీని చిన్న మెషిన్‌లో పెట్టారు. ఐదు నిమిషాలయ్యాక అంకె వచ్చింది: 74. మిల్లీలీటరుకు 74 నానోగ్రాములు. 20 దాటితే ఎక్కువ ఉన్నట్టు లెక్క.

ఆ రాత్రి ఫోన్‌లో చెప్తే అమ్మ ఆశ్చర్యపోయింది. "ఏంటే బుజ్జీ, ఉమ్మి చూసి చెప్పేస్తారా?" అంది. చెప్పగలరు. ఎలాగో డాక్టరుగారు చెప్పింది, తర్వాత నేను చదువుకుని అర్థం చేసుకున్నది కలిపి రాస్తాను.

పళ్ల మీది పాచి చిగురు కిందికి దిగి అక్కడ బ్యాక్టీరియా పెరిగితే, వాటితో పోరాడటానికి మన తెల్లరక్తకణాలు చేరతాయి. అవి వదిలే ఎంజైముల్లో ఎంఎంపీ-8 ఒకటి. దాని పని కొల్లాజెన్‌ని కత్తిరించడం. పన్నుని ఎముకకి కట్టి ఉంచే నారలు కొల్లాజెన్‌తో తయారైనవే. పోరు అదుపు తప్పినప్పుడు ఆ ఎంజైమ్ బ్యాక్టీరియా జోలికి పోకుండా మన కట్టునే కోసేస్తుంది. అది చిగురు సందులోంచి ఊరే ద్రవంతో కలిసి లాలాజలంలోకి వస్తుంది. ఇందులోనూ నిద్రాణంగా ఉండేది, చురుగ్గా పనిచేసేది అని రెండు రూపాలున్నాయి. ఈ టెస్ట్ చురుగ్గా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. ఫిన్లాండ్‌లో హెల్సింకి యూనివర్సిటీకి చెందిన టిమో సోర్సా బృందం దశాబ్దాలుగా ఈ ఎంజైమ్ మీద పనిచేసింది. ఇలాంటి టెస్ట్‌లు వచ్చింది ఆ పరిశోధన నుంచే.

షుగర్ ఉన్నవాళ్లకి ఒక పోలిక చెప్తే ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రోబ్‌తో కొలిచే లోతు, ఎక్స్‌రేలో కనిపించే ఎముక, ఇవి మన హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) లాంటివి. ఇప్పటిదాకా జరిగినదాన్ని చూపిస్తాయి. పాకెట్, అంటే చిగురుకీ పన్నుకీ మధ్య పడ్డ సందు, ఆరు మిల్లీమీటర్లు ఉందంటే అది ఈ నెలలో పడిందో, ఐదేళ్ల కింద పడి ఇప్పుడు చల్లబడిందో ఆ కొలతలో తేలదు. ఎంఎంపీ-8 వేలి చివర గుచ్చి చూసుకునే గ్లూకోమీటర్ లాంటిది. ఈ రోజు లోపల ఏం నడుస్తోందో చెప్తుంది. షుగర్ విషయంలో మనం రెండూ చూసుకుంటాం కదా, ఇక్కడా అంతే.

ఇక చికిత్స. ఏప్రిల్‌లో మత్తిచ్చి, రెండు రోజులు రెండు సగాలుగా చిగురు కింద డీప్ క్లీనింగ్ చేశారు. నొప్పి కంటే ఆ గీకుడు శబ్దమే భరించలేకపోయాను. వారంపాటు మజ్జిగన్నం తిన్నాను. 2021 జులై నుంచి ఇక్కడ చిగుళ్ల చికిత్స నిబంధనలు మారి, డీప్ క్లీనింగ్ తర్వాత రెండేళ్లపాటు ఫాలో-అప్ కూడా ఇన్సూరెన్స్ కిందికి వచ్చింది. ఎన్నాళ్లకోసారి రావాలన్నది జబ్బు గ్రేడ్‌ని బట్టి ఉంటుంది. ఏ, బీ, సీ అని మూడు గ్రేడ్లు. షుగర్ పేషెంటుకి హెచ్‌బీఏ1సీ 7 కంటే తక్కువ ఉంటే బీ, 7 లేదా అంతకంటే ఎక్కువైతే సీ. నాది అప్పటికి 7.4. కాబట్టి సీ, నాలుగు నెలలకోసారి వెళ్లాలి. నా చిగుళ్ల గ్రేడ్‌ని నా షుగర్ రిపోర్టు నిర్ణయించడం చూశాక, ఈ రెండు జబ్బులూ ఎంత ముడిపడి ఉన్నాయో అర్థమైంది. మన దగ్గర షుగర్ డాక్టరు కళ్లు చూపించమంటారు, పాదాలు చూస్తారు, కిడ్నీ టెస్ట్ రాస్తారు. చిగుళ్ల గురించి నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు.

జులైలో రెండో టెస్ట్ చేశారు. 31 వచ్చింది. గీత ఇంకా ఉంది, కానీ పల్చబడింది. పాకెట్లు చాలావరకు నాలుగు మిల్లీమీటర్లకి తగ్గాయి. నవంబరులో 17. రెండో గీత కనిపించలేదు. ఆ రోజు ఎంత సంతోషంగా ఉందంటే, క్లినిక్ బయట నిలబడే తమ్ముడికి ఫోటో పంపాను.

కానీ అదే రోజు, పట్టీ మీద గీత రాకపోయినా, డాక్టరుగారు ప్రోబ్‌తో కొలిస్తే పైన కుడివైపు చివరి దవడ పన్ను దగ్గర ఆరు మిల్లీమీటర్ల లోతు తేలింది, రక్తం కూడా వచ్చింది. ఈ టెస్ట్‌కి ఉన్న పెద్ద లోపం ఇదే, చేయించుకునేవాళ్లు ముందే తెలుసుకోవాలి. మనం ఉమ్మే నీళ్లు నోరంతటివీ కలిసినవి. ఇరవై ఏడు పళ్ల దగ్గర ప్రశాంతంగా ఉండి ఒక్క పన్ను దగ్గర మంట ఉంటే, అది ఆ నీళ్లలో పల్చబడిపోతుంది. ఏ పన్ను దగ్గర ఉందో ఈ టెస్ట్ ఎప్పటికీ చెప్పలేదు. అంకె 20 లోపు ఉంది కదా అని ఆ రోజు ప్రోబ్ పెట్టకపోయుంటే నా పన్ను సంగతి అలాగే ఉండిపోయేది. అక్కడ మళ్లీ శుభ్రం చేశారు, ఇప్పుడు ఐదుకి వచ్చింది. నోట్లో వేరేచోట వాపున్నా అంకె పెరగొచ్చు. ఉదాహరణకి జ్ఞానదంతం వచ్చేటప్పుడు. కాబట్టి ఎక్కువ రాగానే హడలిపోనక్కర్లేదు, తక్కువ వచ్చిందని వదిలేయకూడదు.

అయితే ఈ 225 యూరోలు దండగ కాదని ఎందుకంటున్నానంటే, నాలుగో టెస్ట్ వల్ల.

2025 జనవరిలో నాన్నకి ఆపరేషన్ అయితే ఆరు వారాలు చీరాలలో ఉన్నాను. హాస్పిటల్, ఇల్లు, మళ్లీ హాస్పిటల్. రాత్రి పదకొండుకి వచ్చి బ్రష్ చేసి పడుకునేదాన్ని, పళ్ల సందుల్లో పెట్టే సన్నటి బ్రష్‌లు సూట్‌కేస్‌లోంచి బయటికే తీయలేదు. ఆ టెన్షన్‌లో తిండి వేళలు కూడా తప్పాయి. మార్చిలో తిరిగొచ్చాక చూపించుకుంటే పాకెట్ల కొలతలు ఏమీ మారలేదు. అద్దంలో చూస్తే చిగుళ్లు మామూలుగానే ఉన్నాయి. బేసిన్‌లో గులాబీ రంగు కూడా లేదు. టెస్ట్ మాత్రం 46 చూపించింది. చిగురు ఇంకా వదలలేదు, ఎముక పోలేదు, కానీ లోపల మళ్లీ మొదలైంది. డాక్టరుగారు ఆ రోజే పూర్తిగా శుభ్రం చేసి, నాలుగు నెలలు ఆగకుండా ఆరు వారాలకే ఇంకోసారి రమ్మన్నారు. సందు బ్రష్‌లు ఏ సందుకి ఏ సైజో మళ్లీ కొలిచి రంగులవారీగా రాసిచ్చారు. వెనక దవడకి నీలం, ముందుకి గులాబీ. జులైలో 18కి దిగింది. అమ్మకి ఇలాంటి హెచ్చరిక ఒక్కటి అందుంటే ఆ నాలుగు పళ్లూ ఉండేవని నాకు గట్టిగా అనిపిస్తుంది.

షుగర్ మాట కూడా చెప్పాలి. నా హెచ్‌బీఏ1సీ 7.4 నుంచి 6.9కి వచ్చింది. ఇదంతా చిగుళ్ల చికిత్స వల్లేనని చెప్పను. ఆ ఏడాది రోజూ సాయంత్రం నడిచాను, రాత్రి అన్నం తగ్గించాను. కానీ చిగుళ్లకి వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున సుమారు 0.4 తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. షుగర్ ఉన్నవాళ్లకి ఆ 0.4 విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో రకం లాలాజలం టెస్ట్ కూడా ఉంది, దాన్నీ దీన్నీ ఒకటనుకోవద్దు. డల్లాస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి చేయించుకున్నది అది. సెలైన్‌తో పుక్కిలించి ట్యూబులో ఉమ్మితే ల్యాబ్‌కి పంపి, పీసీఆర్ పద్ధతిలో చిగుళ్ల జబ్బుకి కారణమయ్యే బ్యాక్టీరియా ఏవి ఎంతున్నాయో చూస్తారు. పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్, ట్రెపోనెమా డెంటికోలా, టానెరెల్లా ఫోర్సీథియా అనే మూడూ ముఖ్యం. 1998 నుంచి ఈ మూడింటినీ కలిపి 'రెడ్ కాంప్లెక్స్' అంటున్నారు. అన్నయ్య రిపోర్టు రంగురంగుల స్తంభాలతో చాలా అందంగా వచ్చింది. కాకపోతే బ్యాక్టీరియా ఉన్నంత మాత్రాన జబ్బు నడుస్తోందని కాదు. జబ్బు మొండికేసి, ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలో డాక్టరు తేల్చుకోవాల్సినప్పుడు అది పనికొస్తుంది. ఊరికే తెలుసుకోవడానికైతే దానికి అంత డబ్బు పెట్టమని నేను చెప్పను.

మరి ఎవరు చేయించుకోవాలి? చిగుళ్ల జబ్బు ఉందని ముందే తేలి, డీప్ క్లీనింగ్ అయి, ఫాలో-అప్‌లో ఉన్నవాళ్లకి, ముఖ్యంగా షుగర్ ఉంటే, నేను తప్పకుండా చేయించుకోమంటాను. ఏడాదికి రెండుసార్లు సరిపోతుంది. నేను చేయించినన్ని అక్కర్లేదు. సిగరెట్ తాగేవాళ్లకి కూడా ఇది ఆలోచించదగ్గదే. పొగ వల్ల చిగుళ్లలో రక్తస్రావం పైకి కనపడదు, జబ్బు దాగి ఉంటుంది. అసలు ఎప్పుడూ ప్రోబ్‌తో కొలిపించుకోనివాళ్లు మాత్రం ముందు ఈ టెస్ట్ జోలికి వెళ్లొద్దు. ఆ డబ్బు ఒక మంచి పరీక్షకీ, ఎక్స్‌రేకీ పెట్టండి. ఇంటి దగ్గర మన ఊళ్లలో ఉన్నవాళ్లు దగ్గర్లోని డెంటల్ కాలేజీకి వెళ్లి, పీరియోడాంటిక్స్ విభాగం ఎక్కడని అడగండి. చిగుళ్లకే ప్రత్యేకంగా ఉండే విభాగం అది. ప్రోబ్‌తో నోరంతా కొలుస్తారు, ఖర్చు కూడా తక్కువ.

అమ్మని మొన్న మార్చిలో తమ్ముడు అలాగే తీసుకెళ్లాడు. అక్కడి పీజీ డాక్టరమ్మ గంటసేపు కూర్చుని ఒక్కో పన్ను చుట్టూ ఆరుచోట్ల కొలిచి కాగితం నింపింది. "ఇన్నేళ్లలో నా నోరు ఇంత ఓపిగ్గా ఎవరూ చూళ్లేదే" అంది అమ్మ. తర్వాత నాలుగు విడతల్లో శుభ్రం చేశారు. ఒక్క పన్నూ వదులవ్వలేదు, కదులుతున్న రెండు కాస్త బిగిశాయి కూడా. అమ్మకి ఇంకా 21 పళ్లున్నాయి. మూడు నెలలకోసారి రమ్మన్నారు, తర్వాతి తారీఖు వంటింట్లో క్యాలెండర్ మీద ఎర్రసిరాతో రాసిపెట్టుకుంది.